ఫిల్లింగ్ ఉన్న పంటికి బ్రాకెట్ ఎందుకు నిలవదు?

నమస్కారం. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న కొందరికి ఒకే ఒక్క పంటి మీది బ్రాకెట్, అంటే తీగను పట్టి ఉంచడానికి పంటికి అతికించే చిన్న బిళ్ల, పదేపదే ఊడి వస్తుంటుంది. ఏం కొరికావని ఇంట్లో పిల్లల్ని గద్దిస్తారు, పాపం. ఆ పంటి ముందువైపు పంటిరంగు ఫిల్లింగ్, అంటే కాంపోజిట్ ఉందేమో ఒక్కసారి చూడండి, కారణం అక్కడే ఉండొచ్చు.

మామూలు పంటి సంగతి వేరు. దాని పైపొర ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఫాస్ఫారిక్ యాసిడ్ రాస్తే రెజిన్, అంటే జిగురుగా వాడే ప్లాస్టిక్ లాంటి పదార్థం, దానికి గట్టిగా పట్టుకుంటుందని 1955లో అమెరికన్ దంతవైద్యుడు మైకేల్ బ్యునొకోర్ చూపించారు. ఇప్పుడు సాధారణంగా 37 శాతం యాసిడ్ జెల్‌ని 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడిగేస్తారు, దాంతో కంటికి కనపడని గుంటలు పడతాయి, జిగురు వాటిలోకి దిగి, నీలిరంగు లైటు పడగానే గట్టిపడి, వేళ్లూనుకున్నట్టు నిలిచిపోతుంది.

కాంపోజిట్ అలా కాదు. అది రెజిన్‌లో సన్నటి గాజుపొడి కలిపి చేసింది. ఆ యాసిడ్ దాన్ని శుభ్రం చేస్తుంది, అంతే, గుంటలు పడవు. కొత్త ఫిల్లింగ్ అయితే కొత్త రెజిన్‌తో కలిసిపోయే గుణం ఇంకా కొంత మిగిలి ఉంటుంది. పాతబడి, నోటి తడి పీల్చుకున్న కొద్దీ అదీ తగ్గిపోతుంది.

కాబట్టి ముందు దాన్ని గరుకు చేయాలి. డైమండ్ బర్‌తో, అంటే వజ్రపు పొడి అద్దిన చిన్న తిరిగే మొనతో, పైపైన గీకొచ్చు, లేదంటే 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని గాలితో వేగంగా చిమ్మొచ్చు. ఆ తర్వాత సైలేన్ అనే ద్రవం కూడా పూస్తుంటారు, దాని అణువు ఒక కొసతో గాజురేణువును, రెండో కొసతో రెజిన్‌ను పట్టుకుంటుంది. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం గరుకు చేయడమే, నున్నటి ఫిల్లింగ్ మీద ఎంత మంచి జిగురు పూసినా నాకు నమ్మకం లేదు.

అలాగని విడదీయలేనంత గట్టిగా అతకడమూ మంచిది కాదు, ఎందుకంటే బ్రాకెట్‌ను చివరికి తీసేయాల్సిందే కదా. తీసేటప్పుడు ఫిల్లింగ్ అంచు పెచ్చు లేవచ్చు. మిగిలిన జిగురూ ఫిల్లింగూ ఒకే రంగులో ఉంటే ఏది ఎక్కడ ఆగిందో తెలియక, గీకేటప్పుడు ఫిల్లింగ్ కూడా కొంత అరిగిపోవచ్చు. అప్పుడు పాలిష్ చేయాలి, లేదా ఫిల్లింగ్ మళ్లీ వేయాలి. రంగు బాగా కలిసిన ఫిల్లింగ్ డాక్టర్ కంటికి కూడా చటుక్కున దొరకదు. అందుకని క్లిప్పులు వేసే ముందే ఫలానా పంటికి ఫిల్లింగ్ ఉందని, ఎప్పుడు వేయించారో గుర్తుంటే అది కూడా చెప్పండి.