సంఘం పని ఎవరిది?
(గ్రామ బాప్టిస్టు సంఘ వార్షికోత్సవంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. వేదిక మీద ఉన్న పాస్టర్ గారికి, డీకన్లకు, ఒంగోలు నుంచి శ్రమపడి వచ్చిన అతిథులకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, పాటల బృందానికి వందనాలు. షామియానా అవతల ఎండలో నిలబడ్డవాళ్లకు కూడా. బాబూ, వాళ్లను లోపలికి రమ్మనండి. ముందు వరసలో పెద్దల కోసం తువ్వాళ్లు పరిచిన కుర్చీలు పొద్దుటి నుంచి ఖాళీగానే ఉన్నాయి. రావలసిన పెద్దలు ఎటూ భోజనం వేళకే వస్తారు. ఫరవాలేదమ్మా, కూర్చోండి.

నాకు ఇచ్చిన అంశం సంఘ జీవితం, సంఘ సేవ. ఇచ్చిన సమయం పావుగంట. బళ్లో బతికినదాన్ని, గంట మోగితే తప్ప ఆపడం నాకు చేతకాదని ఇక్కడున్న నా శిష్యులందరికీ తెలుసు. మీలో సగంమంది నా దగ్గర బెత్తం దెబ్బలు తిన్నవాళ్లే.

ముందుగా ఒక ప్రశ్న. సండే స్కూలు పిల్లలూ, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు? చూశారా, నా నోటి మాట పూర్తి కాకుండానే చెప్పేశారు. రెండువేల రెండువందల ఇరవై రెండు. శభాష్. రెండో ప్రశ్న. వాళ్లను నీళ్లలో ముంచి లేపింది ఎవరు?

ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ క్లౌ దొర గారు అంటున్నారు. తప్పు. పిల్లల తప్పు కాదు, మనం చెప్పినదే వాళ్లు చెప్పారు.

ఆ రోజు వెల్లంపల్లి దగ్గర ఏటిలో దిగినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నీళ్లలో ఉంటారు. వాళ్ల చేతులు పడిపోతే ఇంకో ఇద్దరు దిగుతారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగి, మళ్లీ సాయంత్రం దాకా, మొత్తం దాదాపు తొమ్మిది గంటలు. దొర గారు ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, అంతా సవ్యంగా జరిగేలా చూసుకున్నారు. ముందు రోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఒక మనిషిని వెనక్కి వాల్చి నీళ్లలో ముంచి లేపడానికి ఎంత బలం కావాలో మన పాస్టర్ గారిని అడగండి. పోయిన ఈస్టరుకు పదకొండు మందికి ఇచ్చి, రెండు రోజులు నడుం పట్టుకుని తిరిగారు. నవ్వకండి, ఆయన కూడా నవ్వుతున్నారు కాబట్టి సరిపోయింది.

ఆ ఆరుగురి పేర్లు మన గుడి గోడ మీద ఎక్కడైనా ఉన్నాయా? పాలరాతి పలకల మీద ఫ్యాను ఇచ్చినవారి పేరు ఉంది, మైకుసెట్టు ఇచ్చినవారి పేరు ఉంది, ఇవాళ ప్రారంభించిన ఆర్చి మీద ఎవరెవరి పేర్లు ఉన్నాయో మీరే చదివారు. నా బాధ ఇది. సంఘం అంటే ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి చేసిపెట్టే పని అని, మనం కింద కూర్చుని ఆమేన్ అనేవాళ్లమని పిల్లలకు నేర్పుతున్నాం.

కరువు సంగతి చెప్పకుండా ఏటి సంగతి చెబితే అబద్ధం చెప్పినట్టే. 1876లో వానలు లేవు, 77లోనూ లేవు. జనం ఆకులూ దుంపలూ తిన్నారు, దారుల వెంట పడి చచ్చిపోయారు. అప్పుడు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ గారు కుర్రతనంలో అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవారు. ఆయన మూడున్నర మైళ్ల కాలువ పని కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలి ఇచ్చారు. మన బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు మట్టి తట్టలు లెక్కపెట్టడం, పని ఆపి కూర్చున్నప్పుడు కూలీలకు సువార్త చెప్పడం. మత్తయి సువార్తలో, భారం మోసేవాళ్లను నా దగ్గరికి రండి అని పిలిచే వచనం ఉంది కదా, నెత్తిన తట్ట ఉన్న మనిషికి దాన్ని విప్పి చెప్పే పని లేదు.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. ఆ కరువులో, 1877 మార్చి నుంచి పదిహేను నెలలు, క్లౌ గారు బాప్తిస్మాలు ఆపేశారు. ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట పడకూడదని. జనం అడుగుతూనే ఉన్నారు, ఆయన కాదంటూనే ఉన్నారు. చివరికి డబ్బు అయిపోయింది, పని అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకు వెళ్లండి అని కబురు చేశారు. వెళ్లారా? ఇంకా ఎక్కువమంది వచ్చారు. మాకు మీ సాయం అక్కర్లేదు, అరచేతుల్లో పొక్కులు చూడండి, మేము కష్టం చేసుకునేవాళ్లం, ఈసారీ పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అన్నారు. అంటే ఆ రెండువేల పైచిలుకు జనం నీళ్లలోకి దిగింది సాయం ఆగిపోయాక. బియ్యం క్రైస్తవులని ఈ రోజుకీ ఎవరైనా మిమ్మల్ని ఎగతాళి చేస్తే ఈ సంగతి చెప్పండి. తగవు పడకండి, తేదీలు చెప్పండి చాలు.

అంతమందిలో ఎవరికి ఇవ్వాలో, ఎవరిని ఆగమనాలో ఎలా తేల్చారు? ఏ పల్లె బోధకుడు ఆ పల్లె జనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇతను తాగుడు మానాడా, విగ్రహాల జోలికి పోతున్నాడా అని వాళ్ల పల్లెవాళ్లనే అడిగారు. సాక్ష్యం చెప్పింది ఇరుగుపొరుగు. బాప్టిస్టు సంఘానికి బిషప్పు లేడు, పైనుంచి ఉత్తరువు రాదు. సభ్యులు కూర్చుని నిర్ణయించుకుంటారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. ఎనిమిది మందే అయినా అది పూర్తి సంఘమే. అంతకు పదమూడేళ్ల ముందు, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కినవాళ్లు ఐదుగురు. మిషనరీ జ్యూయెట్ దంపతులు పోను మిగిలిన ముగ్గురు మనవాళ్లు. అందులో ఇద్దరు ఆడవాళ్లు, జూలియా, రూతు. ఇది ఎందుకు చెబుతున్నానో డీకన్లకు అర్థమయ్యే ఉంటుంది. మన డీకన్ల వరసలో ఒక్క చీర కూడా కనిపించడం లేదు.

పావుగంట అయిందని చీటీ పంపారు. అందింది నాయనా. జేబు లేదు, బైబిలులో పెట్టుకుంటాను.

సరే, మన సంఘానికి వస్తాను. మా అమ్మ కాలంలో మూడు నెలలకోసారి సంఘ సమావేశం జరిగేది. చాప మీద కూర్చునేవాళ్లు. కార్యదర్శి లెక్క చదివేవాడు. పిడికెడు బియ్యం కానుక ఎంత వచ్చింది, అమ్మితే ఎంత వచ్చింది, ఎవరి వైద్యానికి ఎంత ఇచ్చాం. మా అమ్మకు చదువు రాదు. అయినా ఒకసారి లేచి, పోయినసారి మిగిలిన ఏడు రూపాయలు ఈసారి లెక్కలో ఎందుకు కనపడలేదని అడిగింది. ఆ ఏడు రూపాయల మీద రాత్రి పదింటి దాకా మాటలు నడిచాయి. చివరికి దొరికాయి, లాంతరు చిమ్నీకి, కిరసనాయిలుకు ఖర్చయ్యాయట, రాయడం మరిచిపోయారు. కోళ్ల పోట్లాటలా ఉండేదని ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, చదువురాని కూలి మనిషి నలుగురిలో లేచి లెక్క అడగగలిగిన చోటు ఈ ఊళ్లో అప్పట్లో అది ఒక్కటే. ఊరి రచ్చబండ దగ్గర ఆమెను నిలబడనిచ్చేవాళ్లు కాదు.

ఆ సమావేశం జరిగి ఎన్నేళ్లయింది? చేతులెత్తండి, చివరి సమావేశం గుర్తున్నవాళ్లు. ఆరు చేతులు. ఆరుగురికీ అరవై దాటింది. ఈ ఆర్చికి ఎంత ఖర్చయిందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఎవరూ ఎత్తరేం? ఎవరో తిన్నారని నేను అనడం లేదు. అడగడం మానేశాం అంటున్నాను.

సమావేశం పెడితే రిజిస్టరు తీయాలి, రిజిస్టరులో పేర్లు ఉండవు, అందుకే పెట్టడం లేదని ఒక పెద్దాయన నాతో అన్నారు. దాచడం ఎందుకు, ఆ మాట నిజమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు, ఎస్సీ రిజర్వేషను ఉండదు. 1956లో సిక్కులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు, మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో మనకు వెనుకబడిన తరగతుల్లో బీసీ సీ అని ఒక మూల చూపించారు. గుడి మారితే అంటరానితనం పోయిందా? ఊళ్లో మన పల్లె ఎక్కడుందో చూస్తే చాలు. కాబట్టి పిల్లవాడు బాప్తిస్మం తీసుకుని కూడా పేరు రాయించుకోవడానికి వెనకాడితే నాకు వాడి మీద కోపం రాదు. ఆ ఉత్తర్వు మీద వస్తుంది. కానీ ఆదివారం కానుక సంచిలో వేయడానికి పనికొచ్చిన చెయ్యి, సమావేశంలో ఎత్తడానికి ఎందుకు పనికిరాదు? ఇంత చిన్న పల్లెలో ఎవరు మనవాళ్లో తెలుసుకోవడానికి పుస్తకం కావాలా? వెల్లంపల్లిలో ఇరుగుపొరుగు చెప్పిన సాక్ష్యమే సరిపోయింది.

ఇంకొక్క మాట చెప్పి దిగుతాను. సేవ అంటే మనకు వచ్చేది, మనం తీసుకునేది అనుకుంటున్నాం. 1903లో తెలుగు బాప్టిస్టుల సొంత సువార్త సంస్థ హోం మిషన్, బోధకుడు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపింది. అక్కడి చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పందం మీద పోయిన మన కూలీలు, మాకొక బోధకుడు కావాలని కబురు పెట్టారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే కియర్స్‌నీ తోటలో తెలుగు సంఘం ఏర్పడింది. కరువు తీరి పాతికేళ్లు. అంతలోనే సముద్రం అవతలికి ఒక మనిషిని పంపారు. మనం నూటికి పైగా గడపలు, ఇరవై మోటారు సైకిళ్లు, రెండు ట్రాక్టర్లు ఉన్న సంఘం. పక్క కాలనీలో ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చినవాళ్ల పిల్లలు బడి లేకుండా తిరుగుతుంటే, సాయంత్రం గంటసేపు అక్షరాలు చెప్పడానికి ఒక మనిషిని పంపలేకపోతున్నాం. నేను వెళ్తున్నాను. మోకాళ్లు సహకరించడం లేదు, ఇంకొకరు కావాలి.

వెనక నిలబడిన యవ్వనస్థులూ, ఫోన్లు లోపల పెట్టండి. ఇంటర్ పాసైనవాళ్లు ఎవరెవరో నాకు తెలుసు, నేను చదివించినవాళ్లే. కూటం అయ్యాక ఇద్దరు నా దగ్గరికి వచ్చి పేర్లు చెప్పండి. పలకలు నేను కొన్నాను.

పాస్టర్ గారూ, మీ ఎదుటే, అందరి ఎదుటే అడుగుతున్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం అయ్యాక సంఘ సమావేశం. మొదట ఆర్చి లెక్క చదవాలి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఇంకా పైకి. ఆడవాళ్లు కూడా. కార్యదర్శి గారూ, లెక్కపెట్టి రాసుకోండి.