ఫిలిప్పీన్స్‌లో సిస్టర్లు ఎలా తయారవుతారు? మనీలాలో చదివొచ్చిన ఒక సిస్టర్‌తో మాటామంతీ

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మనతో ఉన్న సిస్టర్ గారు ఫార్మేటర్. అంటే, మఠంలో చేరి సన్యాస జీవితం గడపాలనుకునే అమ్మాయిలను తీర్చిదిద్దే బాధ్యత వారిది. దానికి సంబంధించిన చదువు కోసం మనీలా వెళ్లొచ్చారు. సిస్టర్, స్వాగతం. ఒక సందేహంతో మొదలుపెడతాను. మన దగ్గర్నుంచి ఇంతమంది సిస్టర్లు, ఫాదర్లు చదువుకోవడానికి మనీలాకే ఎందుకు వెళ్తుంటారు?

సిస్టర్: నమస్కారం అమ్మా. ఆసియాలో కతోలికులు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశం అది. 2020 జనాభా లెక్కల్లో నూటికి దాదాపు 79 మంది కతోలికులే. మనీలా పక్కనే ఉన్న క్వెజాన్ సిటీలో జెస్విట్ అనే సన్యాస సభ గురువులు నడిపే ఈస్ట్ ఏషియన్ పాస్టోరల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలు ఉన్నాయి. వియత్నాం, మయన్మార్, ఇండోనేషియా వాళ్లతో కలిసి కూర్చుని చదువుకోవచ్చు. ఇవన్నీ నిజమే గానీ, నాకు అక్కడ పనికొచ్చింది తరగతి గది ఒక్కటే కాదు. అక్కడి మఠాల వాళ్లు యువతను పేదల దగ్గరికి తీసుకెళ్లే పద్ధతి ఉంది చూడండి, అది నన్ను పట్టుకుంది.

హోస్ట్: ఆ పద్ధతి దగ్గరికి వెళ్లేముందు కొంచెం చరిత్ర చెప్తారా?

సిస్టర్: ఒక్క మనిషి కథ చెప్తాను, చాలు. ఇగ్నాసియా దెల్ ఎస్పిరితు సాంతో అని ఒక అమ్మాయి, 1663లో మనీలాలోని బినోందోలో పుట్టింది. తండ్రి చైనా నుంచి వచ్చినవాడు, తల్లి అక్కడి మనిషే. అది స్పెయిన్ పాలన కాలం. ఆ గడ్డ మీద పుట్టిన అమ్మాయిలను మఠాల్లో సన్యాసినులుగా తీసుకోని రోజులు. ఇగ్నాసియాకు ఇరవై ఒకటో ఏడు వచ్చేసరికి ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఆమె పాల్ క్లైన్ అనే జెస్విట్ గురువును సలహా అడిగింది. ఆయన వడకం, అంటే కొన్నాళ్లు ఏకాంతంగా ధ్యానం, చేయమన్నారు, ప్రార్థనలో తేల్చుకోమన్నారు. 1684లో ఒక సూది, ఒక కత్తెర తీసుకుని ఇల్లు వదిలింది. మిగతా సామాను ఏమీ లేదు.

హోస్ట్: కుట్టుపని చేసి బతుకుదామనా?

సిస్టర్: అవును, తన చేతుల కష్టం మీద. తర్వాత మరికొందరు అమ్మాయిలు ఆమెతో కలిశారు. కుట్టుపని చేస్తూ, అవసరమైతే బిచ్చమెత్తుకుంటూ బతికారు. ఆడపిల్లలను దగ్గర పెట్టుకుని ప్రార్థనలు, చదువు, చేతిపని నేర్పారు. స్పెయిన్ వాళ్ల పిల్లలు, స్థానికుల పిల్లలు అన్న తేడా పెట్టలేదు. తమను గడప దాటనివ్వని వాళ్ల పిల్లలకు కూడా తమ గడప తెరిచి పెట్టారన్నమాట! ఆ చిన్న బృందమే ఇప్పుడు రెలిజియస్ ఆఫ్ ద వర్జిన్ మేరీ అనే పెద్ద సన్యాసినుల సభ. 2007లో 16వ బెనెడిక్ట్ పోపు గారి కాలంలో ఇగ్నాసియా పుణ్యజీవితాన్ని శ్రీసభ, అంటే కతోలిక చర్చి, అధికారికంగా గుర్తించింది.

హోస్ట్: ఇది వింటుంటే మన దగ్గరి కులం గుర్తుకొస్తోంది, సిస్టర్.

సిస్టర్: గుర్తుకు రావాలమ్మా. మన తెలుగు శ్రీసభలో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్లే కదా. అయినా మన దేశంలో ఒక దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా పట్టింది. పూల అంతోని గారు. తెలుగువాళ్లలోనూ మొదటి కార్డినల్ ఆయనే. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలకు ఇగ్నాసియా కథ తప్పకుండా చెప్తాను. ఎందుకు చెప్తున్నానో వాళ్లకు వేరే వివరించక్కర్లేదు, వాళ్ల ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది.

హోస్ట్: ఇప్పుడు ఆ పద్ధతి గురించి. మామూలుగా మఠంలో చేరితే దశలు ఎలా ఉంటాయి?

సిస్టర్: అవి ఎక్కడైనా దాదాపు ఒకటే. కొంతకాలం ఆస్పిరెంట్‌గా, అంటే మఠం జీవితం ఎలా ఉంటుందో చూసే అమ్మాయిగా, తర్వాత పోస్టులెంట్‌గా, అంటే చేరడానికి సిద్ధపడే అమ్మాయిగా ఉంటారు. ఆ తర్వాత కనీసం ఒక ఏడాది నొవిషియేట్, అంటే వ్రతాలకు ముందు శిక్షణ; ఆ దశలో ఉన్నవాళ్లే నొవిస్‌లు. అది పూర్తయ్యాక తాత్కాలిక వ్రతాలు, కొన్నేళ్ల తర్వాత జీవితాంతం ఉండే నిత్య వ్రతాలు. అయితే ఫిలిప్పీన్స్‌లో ఈ దశల మధ్యలో ఎక్స్‌పోజర్ అని ఒకటి గట్టిగా ఉంటుంది. జాలర్ల ఊళ్లోనో, మురికివాడలోనో, రైతుల ఇళ్లలోనో వెళ్లి ఉండాలి. వాళ్లు తినేదే తినాలి, వాళ్లు పడుకునే చోటే పడుకోవాలి. కతోలిక కాలేజీల్లో మామూలు విద్యార్థులకు కూడా ఇలాంటిది ఉంటుంది. ఇక చదువు అయ్యాక ఒక ఏడాది మారుమూల ఊళ్లో పనిచేయాలనుకునే పట్టభద్రుల కోసం జెస్విట్ వాలంటీర్స్ ఫిలిప్పీన్స్ ఉంది. 1980 నుంచీ పంపుతున్నారు.

హోస్ట్: రెండు రోజులు వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తే?

సిస్టర్: అలా చేసేవాళ్లూ ఉన్నారమ్మా. నాకు కోపం వచ్చేది అక్కడే. పేదవాడి ఇల్లేమన్నా చూసి పోవడానికి మ్యూజియమా? అందుకే మంచి ఫార్మేటర్లు తిరిగొచ్చాక కూర్చోబెడతారు. ఏం చూశావు, ఎవరి పేరు గుర్తుంది, నీకు ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది, ఎందుకు అనిపించింది అని అడుగుతారు. ఆ తర్వాత ఆ విషయం పట్టుకుని ప్రార్థన. నా దృష్టిలో అసలు ఫార్మేషన్ అంతా ఆ కూర్చోబెట్టడంలోనే ఉంది. అది లేకపోతే పిల్లలు జాలితో వెళ్లి జాలితోనే తిరిగొస్తారు.

హోస్ట్: అక్కడి సేవల్లో మీ మనసులో బాగా నిలిచిపోయింది ఏది?

సిస్టర్: మనీలాలో, తయుమాన్ వీధిలో కలింగా సెంటర్ అని ఉంది. ఎస్.వి.డి. అనే సన్యాస సభకు చెందిన ఫాదర్ ఫ్లావియానో విల్లనుఎవా గారు 2015లో మొదలుపెట్టారు. ఆయనే ఒకప్పుడు డ్రగ్స్‌కు అలవాటుపడి బయటపడిన మనిషి. ఆ మాట ఆయనే అందరిముందూ చెప్తారు. రోడ్డు మీద బతికేవాళ్లు ఆ సెంటర్‌కు వస్తే వాళ్లకు స్నానం చేసే వీలుంటుంది. సబ్బు, నీళ్లు, ఉతికిన బట్టలు, తర్వాత వేడి భోజనం. మన దగ్గర అన్నదానం అంటే వరసలో నిలబెట్టి ప్యాకెట్ చేతిలో పెట్టేస్తాం కదా! అక్కడ అలా కాదు. ఇంటికొచ్చిన చుట్టంలా కూర్చుని తినాలి ఆ మనిషి.

హోస్ట్: భోజనం సరే. స్నానం దాకా ఆలోచించారంటే...

సిస్టర్: ఒక్కసారి ఊహించండి. ఎన్నాళ్లుగానో ఒళ్లు కడుక్కోని మనిషి బస్సెక్కితే పక్కవాళ్లు లేచిపోతారు. పని అడగడానికి పోతే గుమ్మంలోంచే పంపించేస్తారు. గుడికి, అంటే చర్చికి, రావాలన్నా సిగ్గు. ఒక బకెట్ నీళ్లు దొరికితే ఆ మనిషి మళ్లీ నలుగురిలోకి రాగలడు. అలాంటి చోట వాలంటీరుగా పనిచేసిన కుర్రాడికి మానవ గౌరవం గురించి వేరే పాఠం చెప్పాలా?

హోస్ట్: ఫాదర్ ఫ్లావియానో గారికి మెగసెసే అవార్డు కూడా వచ్చింది కదా?

సిస్టర్: 2025లో. అదే ఏడాది మన దేశం నుంచి ఆడపిల్లల చదువు కోసం పనిచేసే ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థకు వచ్చింది. ఫాదర్ గారు చేసిన ఇంకో పని ఉంది, చెప్పడానికే గుండె బరువెక్కుతుంది. 2016లో దుతెర్తే అధ్యక్షుడయ్యాక డ్రగ్స్ మీద యుద్ధం అని వేల మందిని చంపారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పేద కుటుంబాల మగవాళ్లు. వాళ్ల భార్యలు, పిల్లలు, తల్లుల కోసం ఆయన పగీలోమ్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అక్కడ పేదల సమాధులు ఒకదాని మీద ఒకటి అరల్లాగా ఉంటాయి. మామూలుగా అద్దె 5 ఏళ్లకు. గడువు దాటాక డబ్బు కట్టలేకపోతే అస్థికలు తీసేస్తారు.

హోస్ట్: అయ్యో. చనిపోయాక కూడా ఇల్లు ఖాళీ చేయించడమే కదా అది.

సిస్టర్: అవునమ్మా. ఫాదర్ గారు ఆ కుటుంబాల తరఫున నిలబడి అస్థికలు వెలికి తీయించారు. రాకెల్ ఫోర్తున్ అనే ఫోరెన్సిక్ డాక్టరమ్మ వాటిని పరీక్షించారు. మరణ ధ్రువపత్రంలో సహజ మరణం అని రాసి ఉంది, ఎముకలు చూస్తే తూటా దెబ్బలు! అలాంటివి బయటపడ్డాయి. తర్వాత అస్థికలను దహనం చేయించి, బూడిదను కలశాల్లో ఉంచి కుటుంబాలకు అప్పగించారు. వాటిని శాశ్వతంగా పెట్టుకోవడానికి కలోకాన్‌లోని లా లోమా శ్మశానంలో ఒక స్మారకం కట్టారు. అంతకుముందు ఆ ఆడవాళ్లు తమవాళ్ల పేరు కూడా బయట చెప్పుకోలేకపోయారు, డ్రగ్స్ వాడి పెళ్లాం అంటారని. 2025 మార్చిలో దుతెర్తేను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపారు. అదంతా పేపర్లలో చదివే ఉంటారు.

హోస్ట్: ఇలాంటి పనిలోకి కుర్రవాళ్లను, సిస్టర్లను దింపితే రాజకీయం అనరా?

సిస్టర్: అంటారు. ఈ హత్యల మొదట్లో చాలా విచారణల్లో, అంటే స్థానిక చర్చిల్లో, మౌనంగా ఉండిపోయారు కూడా, అది ఒప్పుకోవాలి. అయితే అక్కడి సిస్టర్లకు ఇది కొత్త కాదు. అప్పటి అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టిన రోజుల్లో, 1974లో, సన్యాస సభల పెద్దలు కలిసి ఖైదీల కోసం టాస్క్ ఫోర్స్ డిటెయినీస్ అని పెట్టారు. దాన్ని ఏళ్ల తరబడి నడిపించిన సిస్టర్ మరియానీ దిమరనాన్ గారిని అంతకుముందే సైన్యం జైల్లో పెట్టింది. భయపడి ఊరుకోలేదావిడ. బయటికొచ్చి, లోపల ఉన్నవాళ్ల పక్షాన నిలిచారు. ఇంకొకరు సిస్టర్ క్రిస్టీన్ తాన్. బాగా ఉన్న కుటుంబంలో పుట్టి, 1979లో మనీలాలోని లెవెరిజా మురికివాడకు వెళ్లి 2003లో చనిపోయేదాకా ఆ పేదలతోనే పనిచేశారు. 1986లో దేశానికి కొత్త రాజ్యాంగం రాసే కమిషన్‌లో సభ్యురాలు కూడా. బస్తీ నుంచి రాజ్యాంగ సభకు! మా అమ్మాయిలు సన్యాసమంటే లోకానికి దూరంగా పోవడం అనుకుంటూ వస్తారు. వాళ్లకు నేను మొదట చెప్పేది ఈవిడ గురించే.

హోస్ట్: యువత వైపు నుంచి ఒక ప్రశ్న. పిల్లలు తిరిగి అడిగితే? దేవుడు ఎందుకిలా చేశాడు అని?

సిస్టర్: అడిగారు కదా! 2015 జనవరి 18న, మనీలాలోని సాంతో తోమాస్ యూనివర్సిటీలో, ఫ్రాన్సిస్ పోపు గారి ముందే. ఒకప్పుడు వీధిలో బతికిన 12 ఏళ్ల పాప మైకు ముందు నిలబడి, పిల్లలకు ఈ బాధలు ఎందుకు రానిస్తాడు దేవుడు అని అడిగి ఏడ్చేసింది. పోపు గారు పాపను దగ్గరకు తీసుకున్నారు. రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టేశారు. దీనికి జవాబు లేదు, ఏడవడం నేర్చుకోవాలి అన్నారు. అక్కడితో ఆగలేదు. మీరు ఇవ్వడం నేర్చుకున్నారు, పేదల దగ్గర్నుంచి తీసుకోవడం ఇంకా నేర్చుకోలేదు అని ఆ యువతకు చెప్పారు. నేను చదివిన ఫార్మేషన్ పుస్తకాలన్నిటికంటే ఆ మాటే నాకు ఎక్కువ పనికొస్తోంది.

హోస్ట్: మనవాళ్లకూ వాళ్లకూ గల్ఫ్‌లో పరిచయం ఉంటుంది కదా?

సిస్టర్: బాగా ఉంటుంది. మా ఊళ్ల నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఫిలిపినోల పక్కనే ఇళ్లల్లో పనిచేస్తారు, ఒకే గుడికి పూజకు వెళ్తారు. విదేశాల్లో ఇళ్లు ఊడుస్తూ, ముసలివాళ్లను చూసుకుంటూ విశ్వాసాన్ని మోసుకెళ్తున్నది వాళ్లేనని 2019లో ఫ్రాన్సిస్ పోపు గారు ఫిలిపినోలతో పూజ చేస్తూ చెప్పారు. మరి ఇంటి దగ్గర వాళ్ల పిల్లలో? అమ్మమ్మల చేతుల్లో పెరుగుతారు. అక్కడా అంతే, మన గోదావరి జిల్లాల్లో, కడపలో కూడా అంతే. ఈ పిల్లల గురించి మన విచారణల్లో మనం చేస్తున్నది చాలా తక్కువ.

హోస్ట్: మరి మీరు తిరిగొచ్చాక ఇక్కడ ఏం మార్చారు?

సిస్టర్: మా నొవిస్‌లను ఒక ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరికి పంపుతున్నాం. రాత్రిళ్లు రోగుల తాలూకు వాళ్లు వరండాల్లో పడుకుంటారే, అక్కడికి. పండ్లు, రొట్టెలు పట్టుకెళ్లొద్దని చెప్పాను. కూర్చోండి, మాట్లాడండి, చీటీ చదవడం రానివాళ్లకు చదివి పెట్టండి, ఎక్స్‌రే గది ఎటో చూపించండి, అంతే. మొదట్లో అమ్మాయిలకు టెన్షన్. ఉత్తచేతులతో ఎలా వెళ్తాం సిస్టర్ అన్నారు. ఇప్పుడు సాయంత్రం కూర్చున్నప్పుడు పేర్లతో సహా చెప్తున్నారు, ఫలానా అత్తకు కోడలి ఆపరేషన్ వాయిదా పడింది అని. పోయిన నెల వాళ్లే ఒక సంగతి పట్టుకొచ్చారు. అక్కడ రోజుల తరబడి ఉండే ఆడవాళ్లు స్నానం చేయడానికి తలుపు ఉన్న గది ఒక్కటీ లేదట. ఆసుపత్రి పెద్దలతో మాట్లాడాం. జాగా చూపిస్తే మిగతాది మేం చూసుకుంటామన్నాం.

హోస్ట్: ఏమన్నారు?

సిస్టర్: చూస్తామన్నారు. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి ఆ అమ్మాయిలనే మాట్లాడమన్నాను.