నకిలీని పట్టించే మెరుపు

అందరికీ నమస్కారం.

బ్యాంకు కౌంటర్లో నోటును ఊదారంగు (అతినీలలోహిత) దీపం కింద పెట్టి చూడటం మీకు తెలిసిందే. మన నోట్ల మీద నంబర్లను ప్రతిదీప్తి సిరాతో, అంటే ఆ దీపం కింద మెరిసే సిరాతో అచ్చువేస్తారు. కాగితంలో కలిపిన సన్నని పోగులు కూడా ఆ దీపం కింద వెలుగుతాయి. చెయ్యి తిరిగిన క్యాషియర్ చూపు మాత్రం కాగితం మీద కూడా ఉంటుంది. మామూలు తెల్లకాగితంలో తెలుపు పెంచే రసాయనం ఉంటుంది కాబట్టి అది నీలంగా మెరిసిపోతుంది. పత్తితో చేసిన నోటు కాగితం మసకగానే ఉండిపోతుంది. వెలగకపోవడమూ సాక్ష్యమే!

చిక్కంతా సిరాతోనే. అతినీలలోహిత కాంతిలో మెరిసే సిరాలు ఇవాళ బజార్లో ఎవరికైనా దొరుకుతాయి. కాబట్టి మెరిసిందా లేదా అని చూస్తే చాలదు, ఎలా మెరిసిందో చూడాలి. లోహాలు క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ లాంటి హాలోజన్లతో కలిస్తే వచ్చే లోహ హాలైడ్ల అవసరం ఇక్కడే వచ్చింది.

2015లో జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సీసియం, సీసం, హాలోజన్లతో నానోస్ఫటికాలు తయారుచేశారు. ఒక్కో సీసం పరమాణువు చుట్టూ ఆరు హాలోజన్ పరమాణువులుంటాయి. అవి క్లోరిన్‌వైతే నీలం, బ్రోమిన్‌వైతే ఆకుపచ్చ, అయోడిన్‌వైతే ఎరుపు. పాళ్లు మారుస్తూ పోతే 410 నుంచి 700 నానోమీటర్ల దాకా ఏ రంగైనా రప్పించవచ్చు. పీల్చుకున్న ప్రతి 100 ఫోటాన్లకు (కాంతి కణాలకు) 90 దాకా తిరిగిచ్చిన నమూనాలున్నాయి.

అయితే ఇవి మహా పెంకివి. తేమ తగిలితే చెడతాయి, వేడెక్కితే మసకబారతాయి. టీవీ తెరలు చేసేవారు తల పట్టుకునేది అందుకే. భద్రతా సిరా చేసేవారికి ఆ పెంకితనమే పనికొచ్చింది.

2017లో షాంఘై పరిశోధకులు చేసిన ప్రయోగం చూడండి. సీసం ఉన్న ఒక సచ్ఛిద్ర (సన్నని రంధ్రాలున్న) పదార్థాన్ని సిరాగా చేసి ఇంక్‌జెట్ ప్రింటర్‌తో అచ్చువేశారు. అతినీలలోహిత దీపం కింద కూడా ఏమీ కనబడదు. దాని మీద హాలైడ్ లవణ ద్రావణం పూస్తే అక్కడికక్కడే పెరోవ్‌స్కైట్ (పైన చెప్పిన నానోస్ఫటికాల తరహా అమరిక ఉన్న పదార్థం) ఏర్పడి అక్షరాలు ఆకుపచ్చగా వెలిగాయి. మరో ద్రావణితో తడిపితే మాయమయ్యాయి. మళ్లీ లవణం పూస్తే మళ్లీ వచ్చాయి.

ముచ్చటైన పనే. నకిలీల బెడద నోట్లకే కాదు, మందులకూ ఉంది; కానీ మందుల పెట్టె మీద విషమైన సీసం సిరా అంటే నేను ఒప్పుకోను. నాకు ఆశ ఉన్నది మాంగనీసు మీద. దాని చుట్టూ నాలుగు హాలోజన్లుంటే సాధారణంగా ఆకుపచ్చగా, ఆరుంటే ఎరుపుగా వెలుగుతుంది. కొన్ని మాంగనీసు హాలైడ్లలో నీటి అణువులు చేరినా, వెళ్లిపోయినా రంగు మారుతుంది. పైగా దీపం ఆర్పాక మామూలు సేంద్రియ సిరా వెలుగు నానోసెకన్లలో పోతే, మాంగనీసు వెలుగు వందల మైక్రోసెకన్లు, ఒక్కోసారి మిల్లీసెకన్లు నిలుస్తుంది. రంగును అనుకరించినవాడు ఈ కాలాన్ని కూడా అనుకరించాలి. ఈ తేడా కంటికి అందదు, దీపం ఆరిన మరుక్షణం బొమ్మ తీసే కెమెరా కావాలి. మందుల దుకాణంలో అలాంటిది ఎవరు పెడతారన్నది న్యాయమైన ప్రశ్నే.

అంతకన్నా పెద్ద తలనొప్పి ఇంకొకటుంది. సిరా మనం పరీక్షించినప్పుడే మారాలి. వానాకాలం గోదాములో దానంతటదే మారిపోతే అసలు సరుకు కాస్తా నకిలీ అనిపించుకుంటుంది. అందుకని స్ఫటికాలను సిలికాలోనో పాలిమర్‌లోనో పొదుగుతున్నారు. మరీ బిగిస్తే స్పందించవు, వదులుగా ఉంచితే నిలవవు. ప్రస్తుతం ప్రయోగశాలల్లో కుస్తీ అంతా ఈ రెండింటి మధ్యే.