పాత పేపరు, గుప్పెడు మెంతులు

వేదిక మీద ఉన్న పెద్దలకు, లైబ్రేరియన్ గారికి, ముగ్గుల పోటీ ఫలితాలు ఇంకా చెప్పలేదని కదలకుండా కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. 36 ఏళ్లుగా ఈ తెనాలిలోనే జాకెట్లు కుడుతున్నాను. మీలో సగం మంది కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. అందుకని పదకొండో నిమిషంలో ఎవరూ లేచి వెళ్లరని ధైర్యం.

చీటీ మీద రాసిచ్చిన అంశం 'తక్కువ ఖర్చుతో ఇంటి అలంకరణ'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. గాజులతో తోరణం, పాత శుభలేఖలతో గోడ బొమ్మ, పాల ప్యాకెట్లతో చాప, అన్నీ ఉన్నాయి ఇందులో. కానీ ఇందాక కుర్చీలో కూర్చోబోతూ వెనక కట్టిన ఈ మెరుపు కాగితం తోరణం చూశాను. ఎంతమ్మా ఇది? 350 రూపాయలా? ఈ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలై 20తో అయిపోతాయి. 21న ఇది చెత్తబండి ఎక్కుతుంది. కట్టినవాళ్లని తప్పు పట్టడం లేదు, నాయనా, నువ్వు అలా చూడకు. దీన్ని చూస్తే నాకు రెండేళ్ల నాటి సంగతి గుర్తొచ్చింది. అది కక్కితే గానీ నాలుగు పేజీలు చదవలేను.

మా అమ్మాయి కొడుకు అప్పుడు నాలుగో తరగతి. బళ్లో 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీ పెట్టారు. ఏ బడో అడక్కండి, చెప్పను. పనికిరాని వస్తువులతో ఇంట్లో పెట్టుకునే అందమైన వస్తువు చెయ్యాలి. వాడు నా దగ్గరికి వచ్చాడు. నాకు పండగే. ఇద్దరం కలిసి గోడకు తగిలించే పళ్లెం చేశాం. పాత న్యూస్‌పేపర్ల గుజ్జుతో పళ్లెం, దాని మీద జాకెట్ల కత్తిరింపు ముక్కలతో పువ్వు, చుట్టూ పగిలిన గాజు ముక్కలు. ఖర్చు మెంతులకి ఎంతయిందో అంతే. అవీ వంటింట్లోవే.

పోటీ రోజు నేనూ వెళ్లాను. ఒక బల్ల మీద థర్మాకోల్ ఇల్లు. కొత్త థర్మాకోల్, కొత్త ఐస్‌క్రీం పుల్లల కట్ట, మెరిసే ఫోమ్ షీట్లు, గమ్ గన్ను. మరో బల్ల మీద వాటర్ బాటిల్ కత్తిరించి చేసిన పూలకుండీ. ఆ బాటిల్‌కి లేబుల్ కూడా చెదరలేదు, పోటీ కోసమే కొన్నట్టుంది. స్టేషనరీ కొట్టాయన ఆ వారం రోజులూ 'వేస్ట్' సామాను అమ్మీ అమ్మీ అలిసిపోయాడట, ఆయనే నాతో అన్నాడు. వేస్టుని కొత్తగా కొని తెచ్చి, దానితో బెస్ట్ చేశారన్నమాట!

జడ్జిగా వచ్చినాయన మా పళ్లెం చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని, 'ఏదో వాసన వస్తోందే' అని పెట్టేశారు. అంతే. మొదటి బహుమతి థర్మాకోల్ ఇంటికి. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో వాడు అడిగాడు, 'అమ్మమ్మా, మనదొక్కటే కదా నిజంగా చెత్తతో చేసింది?' అని. ఏం చెప్పను? 'ఔను నాన్నా' అన్నాను. వాడు ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ వాసన మెంతులది. ఆ మాట అక్కడ చెప్పడానికి నాకు మైకు ఇవ్వలేదు. ఇవాళ ఇచ్చారు కాబట్టి చెబుతున్నాను.

మా అమ్మ కాలంలో ప్రతి ఇంట్లో చేటకి, వెదురు బుట్టకి కాగితం గుజ్జు, మెంతిపిండి కలిపి పూసేవాళ్లు. సందులు మూసుకుపోతాయి, పిండి రాలదు, బుట్ట గట్టిపడుతుంది. మెంతులు నానితే జిగురొస్తుంది, చేదుకి పురుగు దరికి రాదు. ఇక్కడ డెబ్బై దాటిన అమ్మమ్మలు తలూపుతున్నారు చూడండి. అదే పనిని మేం గోడ మీదికి ఎక్కించాం, అంతే. కొండపల్లి బొమ్మకి కాళ్లూ చేతులూ అతికేది దేనితో? చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. చింతపండు తిని పారేసే గింజ, వడ్రంగి ఊడ్చేసే పొట్టు. అంత దూరం ఎందుకు, మన తెనాలి శిల్పులు పాత బండ్ల చైన్లు, నట్లు, బోల్టులు, బేరింగులు ఏరి నిలువెత్తు ఇనుప విగ్రహాలు చేస్తున్నారు. అవి చూసి ఎవరైనా వాసనొస్తోంది అన్నారా?

సరే, కోపం తగ్గించుకుంటాను. పళ్లెం చెయ్యడం చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. మామూలు న్యూస్‌పేపరే తీసుకోండి. నున్నగా మెరిసే వారపత్రిక కాగితం సరిగా నానదు. ముక్కలుగా చించి మూడు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. పిన్నులు తీసెయ్యండి, లేకపోతే మిక్సీ బ్లేడు పోతుంది. నాది పోయింది. మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున విడిగా రుబ్బుకోండి. కిలో పేపరుకి రెండు గుప్పిళ్లు వేస్తాను నేను, అరకిలోకి గుప్పెడు. పేపర్ని కొంచెం కొంచెంగా, నీళ్లు ఎక్కువగా పోసి తిప్పండి. ఒకేసారి కుక్కితే మోటారు కాలుతుంది. తర్వాత బట్టలో వేసి నీళ్లు పిండేసి, ఆ గుజ్జులో మెంతిపిండి, చిటికెడు పసుపు కలిపి, చపాతీ పిండిలా అయ్యేదాకా మర్దించండి. స్టీలు పళ్లెం బోర్లించి, దాని మీద తడి పల్చని గుడ్డ పరిచి, వేలెడు మందం లేకుండా, జొన్నరొట్టె మందాన తట్టండి. మొదటి రోజు నీడలోనే. నేరుగా ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. సగం ఆరాక గుడ్డతో సహా ఎత్తి, ఆ తర్వాత ఎండలో.

గాజు ముక్కలు మాత్రం తడిగుజ్జులో గుచ్చకండి. గుజ్జు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ముక్కలు ఒక్కొక్కటే ఊడి రాలతాయి. పోటీ పళ్లేనికి ముందు చేసిన మా మొదటి పళ్లెం అలాగే పోయింది, మనవడు చీపురుతో ఊడ్చాడు. పూర్తిగా ఎండాక ఫెవికాల్‌తో అతికించుకోండి. గుడ్డపువ్వుకి మైదా జిగురు చాలు. బైండింగు చేసేవాళ్లు మైదా జిగురులో మైలతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. ఈ బీరువాల్లో పాత బైండింగు పుస్తకాలు నిలబడ్డాయంటే దాని చలవ కూడా ఉంది. కానీ అది విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు, చిటికెడు పసుపు కలుపుకోండి. ఇంకో మాట, ఈ పళ్లెంలో తినేవి పెట్టకండి, పేపరుకి అచ్చు సిరా ఉంటుంది. గోడకే.

అన్నట్టు రేపే మొదలుపెట్టకండి. ఇది తుఫాన్ల కాలం. గుజ్జు ఆరక బూజు పడుతుంది, నన్ను తిట్టుకుంటారు. సంక్రాంతి వెళ్లాక, ఎండ ముదిరాక చెయ్యండి.

టైం అయిందని లైబ్రేరియన్ గారు గడియారం చూస్తున్నారు. అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు అటక దాకా ఉన్నాయి. ఏటా కిలోల లెక్కన వేలానికి పోతాయని తెలుసు, లెక్కలు రాయాలనీ తెలుసు. ఒక్క పది కిలోలు మాకు అమ్మండి. వచ్చే వేసవి సెలవుల్లో పిల్లలకి వారం రోజులు నేర్పుతాను, నాకు పైసా వద్దు. దర్జీలందరి దగ్గరా పీలికలు నేనే అడిగి తెస్తాను. పగిలిన గాజులు మీ ఇళ్లల్లో ఉంటాయి, పారెయ్యకుండా డబ్బాలో వేసి పెట్టండి, పిల్లల కాళ్ల కింద పడకుండా. వచ్చే వారోత్సవాలకి ఈ గోడ నిండా పిల్లల పళ్లాలే ఉండాలి. ఆ 350 రూపాయలు బాలల పుస్తకానికి పెట్టుకోండి.

నాలుగు పేజీలూ ఇక్కడే ఉన్నాయి, గాజుల తోరణం వాళ్లు తర్వాత నా దగ్గరికి రండి.

ఇదిగో, సంచిలోంచి తీస్తున్నాను, ఆ పళ్లెం ఇదే. రెండేళ్లయింది, ఒక్క గాజు ముక్క ఊడలేదు. ముందు వరస నుంచి చేతులు మారుస్తూ పంపండి. పిల్లలూ, జాగ్రత్త, అంచు గాజు. అందరూ ఒకసారి వాసన చూడండి. ఆ చివరి వరసలో కూర్చున్న బాబు దాకా వెళ్లాలి. వాడే మా మనవడు.