చిరంజీవ అంటే దీవెనా, శాపమా?

(తెరమీద పెళ్ళికార్డు, "చి." దగ్గర జూమ్)

ఈ "చి." చూశారు కదా, మనిళ్ళల్లో ఏ పెళ్ళికార్డు తీసినా ఉంటుంది, చిరంజీవి అని. కాళ్ళకి దణ్ణం పెడితే పెద్దవాళ్ళు అనేదీ అదే, చిరంజీవ అని. బానే ఉంది. కానీ పుట్టినరోజు నాడు చదివే చిరంజీవుల శ్లోకం ఉంది కదా, అందులో ఏడుగురి పేర్లలో ఫస్ట్ పేరు ఎవరిదో గమనించారా? అశ్వత్థామ!

కథ తెలిసిందే, స్పీడుగా చెప్పేస్తా. కురుక్షేత్ర యుద్ధం అయిపోయిన రాత్రి ఈ ద్రోణుడి కొడుకు పాండవుల శిబిరంలో దూరి నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపాడు, అది చాలక అభిమన్యుడి భార్య ఉత్తర కడుపులో బిడ్డ మీదకి అస్త్రం వదిలాడు, కృష్ణుడు శాపం పెట్టాడు.

ఇక్కడ ఆగండి, అసలు సంగతి ఇదే. అశ్వత్థామకి పుట్టుకతోనే తలమీద ఒక మణి ఉంది. అది ఉన్నంతకాలం ఆయుధం భయం లేదు, రోగం లేదు, ఆకలి లేదు. ఆ మణి లాగేసుకున్నారు, ఆయుష్షు మాత్రం ఉంచారు. మనం కలియుగం చివరిదాకా అనేస్తాం గానీ మహాభారతం సౌప్తికపర్వంలో ఉన్నది 3000 ఏళ్ళు. ఒంటినిండా రోగాలు, చీము నెత్తురు వాసన, పలకరించడానికి ఒక్క మనిషి కూడా ఉండడు. నాకైతే చీము నెత్తురు కంటే ఆ చివరిదే ఎక్కువ భయం అండి.

మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ దగ్గర అసీర్‌గఢ్ కోట ఉంది, అక్కడి శివాలయంలో తెల్లారేసరికి లింగం మీద తాజా పువ్వులుంటాయని, పెట్టేది అశ్వత్థామేనని అక్కడివాళ్ళ నమ్మకం. నిజమా కాదా పక్కన పెట్టండి, జనం లేవకముందే వచ్చి వెళ్ళిపోతాడట, అది చూడండి.

అదే లిస్టులో హనుమంతుడూ ఉన్నాడు. ఈయన అడిగి మరీ తీసుకున్నాడు, రామకథ లోకంలో ఉన్నంతకాలం నేనూ ఉండాలి అని. ఊరికే రాలేదు లెండి, ఉత్తరకాండలో రాముడు సరయూలోకి దిగినప్పుడు అయోధ్య అయోధ్యంతా వెనకాల నడిచింది, ఈయన్ని మాత్రం నువ్వు ఉండిపో అన్నాడు. ఎవరికోసం బతికాడో ఆయనే లేడు, కథే మిగిలింది.

అందుకే రామాయణం చదివేచోట ఒక పీట ఖాళీగా వేస్తారు. చిన్నప్పుడు తెలీక నేను దానిమీద కూర్చుంటే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లేపేసింది, "ఆయన వినడానికొస్తే ఎక్కడ కూర్చుంటాడ్రా" అని.