టికెట్ పెట్టండి! జాలి చప్పట్లు ఇక చాలు

నమస్తే అందరికీ! దివ్యాంగ పిల్లల కచేరీలకు టికెట్ పెట్టండి అన్నాను, ఇప్పటికీ అదే అంటున్నాను. నల్లగొండలో దివ్యాంగ విద్యార్థులు ఆరుబయట కచేరీ చేశారు కదా, దాని మీద గత వీడియోలో నేనీ మాట అనగానే "పిల్లల పేరుతో వ్యాపారమా అన్నా?" అని చాలామంది విరుచుకుపడ్డారు. సరే, మాట్లాడుకుందాం.

ముందు ఆ డప్పు బృందం సంగతి చూడండి. వినికిడి లేని పిల్లలు. స్టేజీ వెనక గడ్డి మంటేసి డప్పులు కాస్తున్నారు. ఒక పిల్లాడు చిర్రతో ఒక్క దెబ్బ వేసి, వెంటనే చర్మం మీద అరచేయి ఆనించాడు. బిగువు చాలలేదు. మళ్లీ మంటకు పట్టాడు, మళ్లీ కొట్టాడు, మళ్లీ చేయి పెట్టాడు. అప్పుడు తలూపాడు. బిగువు చేత్తో పట్టుకుంటున్నాడండీ! స్కాట్లాండ్‌లో పుట్టిన ఎవెలిన్ గ్లెనీ అని గొప్ప డ్రమ్స్ కళాకారిణి ఉన్నారు. చిన్నప్పుడే వినికిడి దాదాపు పోయింది. చెప్పులు విప్పి, పాదాలతో కంపనాలు అందుకుంటూ వాయిస్తారు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో వాయించారు. ఆమె కచేరీకి జనం టికెట్ కొని వెళ్తారు. మనవాడు అదే విద్య చూపిస్తే మైకులో ఏమన్నారు? "పాపం, ఎంత కష్టపడుతున్నారో చూడండి!"

పాపమా? దరువు తప్పిందా? ఒక్కసారి కూడా తప్పలేదు!

పాట మొదలవ్వకముందే గంటకు పైగా ప్రసంగాలు, శాలువాలు. పిల్లలు ఎండలో. డబ్బు పెట్టి కొన్నవాడు అలా ఊరుకుంటాడా? "దిగండి సార్, పాట పెట్టండి" అని కేకలేస్తాడు. అందుకే టికెట్ పెట్టండి. వీల్‌చైర్‌లో ఉన్న అమ్మాయిని నలుగురు ఎత్తి స్టేజీ మీదికి చేర్చారు, ఆ అమ్మాయి ముఖం చూశారా? ర్యాంపుకు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. నాలుగడుగుల స్టేజీకి నలభై ఎనిమిది అడుగులు. ఖర్చే, కాదనను. ఆ ఖర్చుకైనా టికెట్ పెట్టండి! 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, కళల్లో పాల్గొనడం కూడా హక్కేనంది.

మనకీ జాలి ఎక్కడ అంటుకుందో నా లెక్క నాకుంది. ఫ్లోరైడ్! మన నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులు మన ఇళ్లలోనే ఉన్నారు. వాజపేయి ప్రధానిగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామిని తీసుకెళ్లి ఆయన ముందు టేబుల్ మీద పడుకోబెట్టారు. నీళ్ల కోసం అది తప్పలేదు, ఆ పోరాటానికి దండం పెడతాను. కానీ ఏళ్ల తరబడి వంగిన కాళ్లు కెమెరాకు చూపించీ చూపించీ, వైకల్యం కనబడితే చాలు, మన చేయి జేబులోకి పోతుంది, చెవి మూసుకుంటుంది. కళ కనబడదు, అర్జీ కనబడుతుంది.

సినిమాకు నూట యాభై పెడతాం. దీనికి యాభై పెట్టలేమా? కొనలేని వాళ్లకు పాసులివ్వండి. వచ్చిన డబ్బు పిల్లల ఖాతాల్లో వేయండి. బ్రెడ్డు, అరటిపండ్లు చేతిలో పెట్టి ఫొటోలు దిగడం ఆపండి.

నిర్వాహకులు ఎవరైనా చూస్తుంటే కింద రాయండి. మొదటి టికెట్ నాదే. ఈసారి డప్పు బృందానికి పూర్తి గంట ఇవ్వండి, ప్రసంగాలకు ఐదు నిమిషాలు చాలు.