నెలనెలా గోళీలకు బీమా ఉందా?

శ్రోతలందరికీ నమస్కారం.

బీపీకి ఒక గోళీ, షుగర్‌కు రెండు, గుండెకు ఒకటి. అరవై దాటినవాళ్లున్న ఇంట్లో మందుల డబ్బా లేకపోవడం ఈ రోజుల్లో అరుదు. దేవరకొండ వైపు అడిగినా, నాగర్‌కర్నూల్ వైపు అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "ఆరోగ్యశ్రీ కార్డుంది కదా, ఇంకేం భయం?" హైదరాబాద్‌లో కొడుకు ఇన్సూరెన్స్ కట్టాడని నిశ్చింతగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఆరోగ్య బీమా అన్నది ముఖ్యంగా దవాఖానలో చేరినప్పటి ఖర్చు కోసం. నెలనెలా మెడికల్ షాపులో కొనే గోళీల లెక్క వేరు.

ఆరోగ్యశ్రీ 2007లో మొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలు. ఆపరేషన్లు, డయాలసిస్, క్యాన్సర్ చికిత్స లాంటివి అందులో ఉన్నాయి. దవాఖానలో ఉన్నన్ని రోజుల మందులు ప్యాకేజీలోనే వస్తాయి. కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లోనైతే డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు కూడా కలుస్తాయి. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల వరకు వైద్యం ఇచ్చేలా 2024 అక్టోబర్‌లో దాన్ని విస్తరించారు. మీ దగ్గర కార్డు ఎక్కడ చేస్తారో దవాఖానలో ఈ పథకాల సాయం కోసం ఉండే ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 14555కు ఫోన్ చేయండి. అయినా ఈ కార్డుతో మెడికల్ షాపుకు పోయి బీపీ గోళీలు తెచ్చుకోవడం కుదరదు.

ఇక డబ్బు కట్టి తీసుకునే పాలసీలు. 65 దాటితే పాలసీ ఇవ్వమనే మాట మనం చాలాకాలం విన్నాం. 2024 ఏప్రిల్ నుంచి వయసు పరిమితి మీద బీమా కంపెనీల నియంత్రణ సంస్థ పెట్టిన పాత నిబంధన పోయింది. ముందే ఉన్న షుగర్, బీపీ లాంటి జబ్బులకు కంపెనీ పెట్టే నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం, కూడా మూడేళ్లు మించకూడదు. ఆ జబ్బుల సంగతి దాచిపెట్టి పాలసీ తీసుకుంటే మాత్రం క్లెయిమ్ రోజున టెన్షన్ తప్పదు. ఏజెంటు "రాయకపోయినా ఏం కాదు" అన్నా వినకండి, సంతకం పెట్టేది మీరు.

ఇలాంటి పాలసీల్లో మందుల డబ్బు వచ్చే దారులు కొన్నే. దవాఖానలో చేరకముందు 30 రోజులు, వచ్చాక 60 రోజులు అని చాలా పాలసీల్లో ఉంటుంది. కొన్నింటిలో ఇంకా ఎక్కువ. ఏ జబ్బుతో చేరారో దాని కోసం కొన్న మందులకే అది వర్తిస్తుంది. డాక్టర్ చీటీ, షాపు ఇచ్చే అసలు బిల్లు రెండూ ఉండాలి. తెల్లకాగితం మీద మొత్తం రాసిస్తే చెల్లదు, అడిగి మరీ బిల్లు తీసుకోండి. క్యాన్సర్‌కు ఇంట్లో వేసుకునే కీమో గోళీలను కూడా పాలసీలు తమ పరిమితులకు లోబడి చేర్చాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఆ బిల్లులు పారేస్తారు.

ఓపీడీ కవర్ అని ఇంకొకటుంది, దవాఖానలో చేరకుండా చూపించుకునే ఖర్చుకు. డాక్టర్ ఫీజుకు, పరీక్షలకు, కొన్ని పాలసీల్లో మందులకు, ఏడాదికి ఇంత అని ఇస్తారు. నాకు దాని మీద అంత మోజు లేదు. ఉదాహరణకు మీ గోళీలకు నెలకు 1,500 అవుతుందనుకుందాం, ఏడాదికి 18,000. ఆ కవర్ పరిమితి 10,000, దానికి అదనపు ప్రీమియం 7,000 అయితే మీకు మిగిలేది 3,000. దాని కోసం ఏడాదంతా బిల్లులు దాచి పంపుతూ ఉండాలి. ఓపిక ఉంటే సరే.

అంతకంటే లాభం సర్కారు దవాఖానలో దొరుకుతుంది. పీహెచ్‌సీలు అనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పల్లె దవాఖానల్లో బీపీ, షుగర్ గోళీలు ఉచితం. ఒక్కోసారి స్టాక్ లేదంటారు, అది నిజమే. అందుకే ఐదారు రోజుల మందులు ఉండగానే పోవాలి. కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే జన ఔషధి మందుల షాపుల్లో అదే మందు బ్రాండ్ ధరలో సగానికి, కొన్నిసార్లు ఇంకా తక్కువకు వస్తుంది. డాక్టర్ రాసిన బ్రాండ్ పేరుతో అడిగితే అక్కడ దొరకకపోవచ్చు. మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ అని అసలు మందు పేరు రాయించుకోండి. ఫిట్స్ మందులు, రక్తం పలచబడే మందులు మాత్రం డాక్టర్‌ను అడగకుండా మార్చకండి.

పింఛన్ తీసుకునే టీచర్లు, ఉద్యోగులకు ఒక సంగతి. 60 దాటి, ఆరోగ్య బీమా లేనివాళ్లు పాత పన్ను విధానంలో ఏడాదికి 50,000 వరకు వైద్య ఖర్చును ఆదాయంలోంచి తగ్గించి చూపవచ్చు. మందుల బిల్లులూ అందులోకే వస్తాయి, కాకపోతే నగదుగా కాకుండా ఫోన్‌పే, కార్డు లాంటి వాటితో కట్టి ఉండాలి.

కొత్త పాలసీ చేతికి అందాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. ఆ నెలలోనే చదువుకున్న మనవడినో, మనవరాలినో కూర్చోబెట్టి చదివించుకోండి. ఓపీడీ, డిశ్చార్జ్ తర్వాత ఎన్ని రోజులు, బిల్లులో మీ వాటా ఎంత అని చూడమనండి. చాలా సీనియర్ పాలసీల్లో ఆ వాటా కొంత మీ మీదే ఉంటుంది.

సెలవు. నమస్కారం.